రంగూన్ గిన్నె
(తొమ్మిదవ భాగం)

నాలుగో రోజు కూడా పళ్ళెం వెళ్ళినది వెళ్ళినట్టే తిరిగి వచ్చింది.

రొట్టె అంచు తుంచలేదు. పప్పు చల్లారి తెట్టె కట్టింది. ఖమర్జహాన్ పళ్ళెం కేసి ఒక్క క్షణం చూసి, రొట్టెలు తీసి మళ్ళీ గుడ్డలో చుట్టింది. నాలుగు రోజులుగా మధ్యాహ్నం పూట ఆవిడ భోజనం బావగారు ముట్టని రొట్టెలే.

బావగారు వలి అలగలేదు. అలిగితే బాగుండును. అలిగినవాణ్ణి బతిమాలవచ్చు, తిట్టవచ్చు, చివరికి విసుగెత్తి వదిలేయవచ్చు. ఆయన అదేమీ చేయనివ్వలేదు. వసారాలో నులక మంచం మీద కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. పిలిస్తే పలికాడు. నమాజు వేళకి లేచి, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, నమాజు చదువుకుని, మళ్ళీ వచ్చి అదే మంచం మీద కూర్చున్నాడు. భోజనం మాటెత్తితే మాత్రం "ఆకలి లేదు దుల్హన్" అన్నాడు, ఎంతో మర్యాదగా, రోజుకు రెండుసార్లు.

దుల్హన్ అంటే పెళ్ళికూతురు. తమ్ముడి భార్యగా ఈ గుమ్మం తొక్కిన నాటి నుంచీ ఆయన ఆమెను పిలిచే పిలుపు అదే. ఇరవై రెండేళ్ళు గడిచాయి. మెట్టు ఎక్కితే మోకాలు కలుక్కుమంటుంది, తల సగం నెరిసింది. అయినా పెళ్ళికూతురే. ఒకప్పుడు ఆ పిలుపు వింటే ఆమెకు లోలోపల నవ్వు వచ్చేది. ఈ నాలుగు రోజులూ అది వినబడ్డప్పుడల్లా గుండె మీద ఎవరో వేలు పెట్టి నొక్కినట్టు ఉంటోంది.

ఆయన కూర్చున్న చోటి నుంచి పెరటి గోడ కనిపిస్తుంది. కొత్తగా వెల్ల వేసిన గోడ. దాని వారగా పది గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు.

"తిన్నాడా?" ఆమె భర్త హిదాయతుల్లా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే పని ఆయనది. అన్నగారు తిత్తి ఊదితేనే ఆ పని సాగుతుంది. తిత్తి తనే ఊదుకుని, తగరం తనే రుద్దుకుని, నవసాగరం పొగంతా తనే మింగి వచ్చాడు ఈవేళ.

"లేదు."

"టీ?"

"తాగేరు."

"టీ నీళ్ళతో ఎన్నాళ్ళుంటాడు మనిషి?"

"నన్నడుగుతారేటి? అక్కడే ఉన్నారు కదా, ఆయన్నే అడగండి."

"అడిగితే ఆకలి లేదంటాడు."

"నాతోనూ అదే అన్నారు."

మూల మంచం మీద నుంచి మదీనాబీ దగ్గింది. ఇద్దరు కొడుకుల తల్లి. చూపు పోయి మూడేళ్ళయింది గాని, చెవులు మాత్రం ఇంట్లో అందరి చెవులూ కలిపినంత పని చేస్తాయి.

"రంగూన్ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చినోడు," అంది ముసలావిడ. "ఆ అడవుల్లో ఏం తిన్నాడో, ఏం తాగేడో. అప్పుడు చావనోడు ఇప్పుడు నాలుగు రోజులు తినకపోతే చావడులే. మీరు గింజుకోకండి."

"అమ్మీ, నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నాను. ఒక్క మాట అడిగి పారేస్తే సరిపోయేది కోడలా. ఇంట్లో పెద్దోడు. పెళ్ళాం పోయి మిగిలినోడు. మొక్క ఎండినా మొద్దు ఎండినా, అతనిది అతన్నడగాలా లేదా?"

ఖమర్జహాన్ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. అక్కర లేకపోయినా లాగింది.

"ఖమర్," హిదాయతుల్లా గొంతు తగ్గించాడు. అది తిట్టడం కన్నా కష్టంగా ఉంటుంది. "నిజం చెప్పు. ఆ తామరలు బతికున్నాయని నీకు తెలీదూ?"

"తెలీదు."

"పోయినేడు భాయిజాన్ చెప్పేడు కదా. చలికి ఆకులెండిపోయి దుంప మట్టిలో నిద్రపోతుంది, ఎండలొస్తే లేస్తుందని."

"మీతో చెప్పేరేమో. నాతో చెప్పలేదు. ఎండిపోయిన ఆకులు, కుళ్ళిన కాడలు, గిన్నె నిండా దోమ పిల్లలు. చచ్చిపోయేయనుకున్నాను. ఎన్నిసార్లు చెప్పాలండీ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. నమ్మాలని ఉన్న మనిషి చూపు అది. ఆ చూపుకే ఆమెకు ఎక్కువ భయం.

"సరే," అన్నాడు చివరికి. కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అబద్ధం నాలుగు రోజులు చెప్పేసరికి ఆమె నోటికి అలవాటైపోయింది. మనసుకే ఇంకా అలవాటు కాలేదు.

*

వంటింటి వెనక కొట్టుగదిలో బియ్యం డబ్బా ఉంది. యుద్ధం అయిపోయింది గాని రేషను కార్డు అయిపోలేదు కాబట్టి ఆ డబ్బా ఎప్పుడూ సగానికి పైన నిండదు. దాని వెనక, గోడలో ఉన్న చిన్న కిటికీ కింద, తడి గోనె గుడ్డ కప్పి ఒక గిన్నె ఉంది.

ఖమర్జహాన్ తలుపు దగ్గరగా వేసి, గోనె తొలగించి, చెంబుతో నీళ్ళు మెల్లగా గిన్నె అంచు మీద నుంచి పోసింది. మట్టి కదలకూడదు. నీళ్ళు కలక బారకూడదు. అలా పోయాలని నేర్పింది కూడా బావగారే.

పింగాణీ గిన్నె. తెలుపు మీద నీలం చేపలు. రెండు చేతుల్లో ఇమిడే గిన్నె అది. రంగూన్‌లో వలి పనిచేసిన పింగాణీ కొట్టు యజమాని చీనావాడు. ఆయన ఇంటి ఇల్లాలు కిటికీలో, అటక మీద, మెట్ల పక్కన, ఎక్కడ పడితే అక్కడ ఇలాంటి గిన్నెల్లో తామరలు పెంచేదట. చెరువు తామర కాదు, దాని చిట్టి చెల్లెలు. ఆకు రూపాయి బిళ్ళంత మొదలై అరచెయ్యంత అయ్యేసరికి ఇంక పెరగదు. పువ్వు టీ కప్పంత. వలి భార్య మెహబూబ్ జాన్‌కి ఆవిడ రెండు దుంపలు ఇచ్చింది. ఆ దుంపలే పిల్లల్లేని ఇంట్లో పిల్లలైపోయాయి.

యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు మెహబూబ్ జాన్ గాజులు వదిలేసి, చీరలు వదిలేసి, ఏడు దుంపలు మట్టితో సహా తడిగుడ్డలో చుట్టి ఆ గిన్నెలో పెట్టుకుని బయల్దేరింది. అనకాపల్లి చేరింది వలీ, గిన్నే, దుంపలూ. మెహబూబ్ జాన్ దారిలో జ్వరంతో పోయింది. అంతకు మించి వలి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తరవాత నాలుగేళ్ళు ఆ ఇల్లు తామరలకి చాకిరీ చేసింది. శారదా నది ఒడ్డు నుంచి ఒండ్రు మట్టి తెచ్చి, జల్లించి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి, వలి గిన్నెలు నింపేవాడు. అడుగున మాగిన పేడ, పైన జిగురు మట్టి, ఆ పైన నాలుగు వేళ్ళ నీళ్ళు. విరిగిన ఊరగాయ జాడీలు, చెవులూడిన పింగాణీ గిన్నెలు, మట్టి మూకుళ్ళు, ఇంట్లో నీళ్ళు నిలిచేది ఏదైనా సరే తామరకే. వేసవిలో పూటపూటకీ నీళ్ళు తగ్గిపోయేవి. అంత చిన్న గిన్నెలో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి! వలికి నడుం వంగదు. అడవుల్లో నడిచిన నడక ఆ నడుంలో ఇంకా ఉంది. అందుకని నూతిలోంచి తోడి, మోసి, పదకొండు గిన్నెలకీ పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసింది ఎవరయ్యా అంటే, దుల్హన్.

పువ్వు పూస్తే వీధి వీధంతా చూడ్డానికి వచ్చేవాళ్ళు. "మెహబూబ్ జాన్ చెయ్యి మంచిది," అనేవాళ్ళు. నీళ్ళు పోసిన చెయ్యి పమిటతో తడి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నాలుగు రోజుల కిందట జరిగింది ఇంతే. ప్రవక్త పుట్టిన రోజు మిలాదుకి ఇంట్లో ఆయన స్తుతి మౌలూద్ చదివించాలని వెల్ల వేయించారు. కూలీలు బ్రష్షులు పట్టుకుని నిలబడి, "గోడ వార సామాను తీసీండమ్మా" అన్నారు. వలి బొగ్గులు తేవడానికి బజారుకు వెళ్ళాడు. అత్తగారి పక్కబట్టలు ఉతికి అప్పుడే నడుం ఎత్తిన ఖమర్జహాన్ మొదటి గిన్నె పక్కకి పెడదామనే పట్టుకుంది. పక్కకి పెడదామనే. మట్టీ నీళ్ళూ కలిసిన బరువు. మోకాలు కలుక్కుమంది. ఆ నొప్పికి నిలబడలేక గిన్నె వంచేసింది. మట్టి ముద్ద ముద్దగా జారిపోయింది.

ఒక్కసారిగా ప్రాణం తేలిక పడింది.

ఆ తేలిక కోసమే రెండోది వంచింది. మూడోది వంచేసరికి ఏం చేస్తోందో ఆమెకు పూర్తిగా తెలుసు. దుంప నిద్రపోతుందన్న మాట పోయినేడు వలి చెప్పింది హిదాయతుల్లాతో కాదు, ముందు ఆమెతోనే. "చచ్చిపోయేయనుకోకు దుల్హన్, నిద్రపోతున్నాయి," అన్నాడు. అప్పుడు ఆమె మనసులో అనుకుంది, ఈ ఇంట్లో వాటికైనా నిద్ర ఉంది అని.

పదకొండోది రంగూన్ గిన్నె. మట్టి తీయడానికి చెయ్యి పెట్టింది. వేలికి మొలక తగిలింది. మట్టిలో నుంచి అప్పుడే తల పెడుతున్న మొలక, సూదిగా, బతికి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీసుకొచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టింది. బజారు నుంచి వలి వచ్చాడు.

"మట్టేది?" అన్నాడు.

"పిడకల చిన్నమ్మలు పట్టుకెళ్ళింది. బెల్లం వండే పెనం చుట్టూ మెత్తుకుంటానంటే ఇచ్చేసేను."

"రంగూన్ గిన్నె?"

అప్పుడే చెప్పేయవలసింది. లోపల ఉంది, తెస్తానుండండి, అంటే అయిపోయేది. కాని, అది ఒక్కటీ ఎందుకు దాచావు అని అడిగితే? చచ్చిపోయాయనుకున్నదానివి, దీన్ని మాత్రం ఎందుకు అట్టే పెట్టావు అంటే?

"సున్నం కూలీల కాలు తగిలి పగిలిపోయింది భాయిజాన్. పెంకులు పారేసేను."

ఆయన వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

ఇప్పుడు గిన్నెలో నీళ్ళు తేరుకున్నాయి. ఖమర్జహాన్ వంగి చూసింది. మొలక కొసన ముడుచుకున్న ఆకు నిన్నటికి ఇవాళ్టికి విచ్చుకుని, నీళ్ళ మీద పరుచుకుంది. అర్ధణా బిళ్ళంత ఉంది.

ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక చాలలేదు. దీన్ని ఆయన ముందు పెడితే ఆయన అన్నం తింటాడు. తనను మాత్రం ఇంట్లో ఎవరూ మళ్ళీ నమ్మరు. పెట్టకపోతే తన పరువు ఉంటుంది, ఆయన ఉంటాడో ఉండడో. ఇంత చిన్న గిన్నెలో ఇంత పెద్ద తూకం ఎలా ఇమిడిందో ఆమెకు అర్థం కాలేదు.

*

"బూబమ్మగోరూ! ఉన్నారేటి?"

పెరటి తలుపు దగ్గర నుంచి కేక. ఖమర్జహాన్ గోనె కప్పేసి, గబగబా బయటికి వచ్చింది.

చిన్నమ్మలు. బుచ్చయ్యపేట దారిలో ఉన్న పల్లె ఆవిడది. గానుగల రోజుల్లో మొగుడు పోతురాజు వారానికి రెండు బండ్ల బెల్లం తోలుకొస్తాడు. ఆయన బెల్లం బజార్లో ఉండగా చిన్నమ్మలు తెలిసిన ఇళ్ళకి పిడకలు వేసి వస్తుంది. ఈవేళ పిడకల బుట్టలో పైన అరిటాకు పొట్లం కూడా ఉంది.

"ఇదుగో, కొత్త బెల్లం. మీ మట్టితో మెత్తిన పొయ్యి మీద ఒండినాది. మీకు పెట్టకుండా నేనేటి తింతాను?"

"నెమ్మది, నెమ్మదిగా చెప్పు," అంది ఖమర్జహాన్, వసారా వైపు చూస్తూ.

నెమ్మదిగా మాట్లాడడం చిన్నమ్మలు పుట్టి ఎరగదు. పొలం ఆ గట్టు మీద నుంచి ఈ గట్టుకి మాట్లాడే గొంతు అది.

"ఎంత మంచి మట్టమ్మా! పెనం సుట్టూ మెత్తితే ఒక్క బీట నేదు. పొగ పిసరంత పైకి రానేదు. మాయన అంతన్నాడు, ఈ మట్టి తొక్కినోడెవడో గాని మనసెట్టి తొక్కినోడే అని. అందులో దుంపలున్నాయి సూసేరా?"

"ఏం దుంపలు?"

"తామర దుంపలే. మాకు తెలీదేటి? మట్టి తడిపి తొక్కుతుంటే కాళ్ళకి తగిలేయి. సిటికినేలంత. ఇంత సిన్నయి నేనెక్కడా సూణ్ణేదు. కడిగి, పొయ్యి నిప్పుల్లో ఏసి కాల్సేం, సిలగడదుంపలు కాల్సినట్టు."

"కాల్చేరా?"

"మరేటి సేత్తాం? మా పైడితల్లి పురిటికి పుట్టింటికొచ్చింది కదా. ఆరో నెలొచ్చినా కక్కులు ఆగనేదు. మెతుకు నిలబడదు. గంజి నిలబడదు. దాని మొకం సూత్తే నాకు నిద్దరట్టదు. ఆ దుంపలు రెండు నోట్లో ఏసుకుందా, ఇంకోటి ఇమ్మంది. ఇంకోటి ఇమ్మంది. మొత్తం తినీసింది. కడుపులో నిలిసేయమ్మా! ఆ రాత్రి బిడ్డ కదిలిందని నవ్వింది. ఇంకున్నాయేటి అని అడగమంది. అందుకే వచ్చేను."

"మీ చెరువుల్లో లేవేటి తామర దుంపలు?" అని మాత్రం అనగలిగింది ఖమర్జహాన్.

"ఉన్నాయి. తాడు నమిలినట్టుంటాయి. దానికి అయ్యి సయించనేదు. ఇయ్యి ఎన్నలాగున్నాయట."

వసారాలో నులక మంచం కిర్రుమంది.

ఖమర్జహాన్ పమిట తల మీదికి లాక్కుంది. వలి గుమ్మం దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు రోజుల గడ్డం, పీక్కుపోయిన కళ్ళు. నూతి దగ్గర నుంచి హిదాయతుల్లా కూడా తడి చేతులతో వచ్చి ఆగిపోయాడు.

"ఎన్ని తిందమ్మా మీ అమ్మాయి?" అని అడిగాడు వలి.

చిన్నమ్మలు ఆయన ముఖం చూసి మొదటిసారి గొంతు తగ్గించింది. "ఉన్నయన్నీ బాబూ. మాకొకటీ ఇయ్యనేదు."

"అన్నీనా?"

"అన్నీ బాబూ." ఆవిడ ఒకసారి ఖమర్జహాన్ కేసి, ఒకసారి బోర్లించిన గిన్నెల కేసి చూసింది. రైతు ఇంటి ఆడది కాబట్టి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. బుట్ట కింద పెట్టేసింది. "ఇత్తనపు దుంపలా బాబూ? ఇత్తనం తినీసేమా? మాకు తెలీదు. ఒట్టు. తెలిత్తే ముట్టుకోము."

వలి గుమ్మంలోనే కూర్చున్నాడు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"తప్పు లేదమ్మా," అన్నాడు. "తినే వస్తువే. మెహబూబ్ జాన్ కూడా అడిగింది."

వచ్చిన రోజు తరవాత, నాలుగేళ్ళలో ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదలు.

"ఎప్పుడడిగింది నాయనా?" మూల మంచం మీద నుంచి మదీనాబీ అడిగింది.

"దారిలో. కొండల్లో. జ్వరం కాదమ్మీ. జ్వరం తరవాత వచ్చింది. ముందు ఆకలి. బియ్యం అయిపోయి మూడు రోజులైంది. నా సంచిలో ఆ రంగూన్ గిన్నె, గిన్నెలో ఏడు దుంపలు. ఒక్కటి కాల్చి పెట్టవా అంది. తన చేత్తో కట్టుకున్న మూటే, తనే అడిగింది."

"పెట్టలేదా?" హిదాయతుల్లా అడగకూడనిది అడిగాడు.

"పెట్టలేదు. ఇవి విత్తనం అన్నాను. రేపు క్యాంపు వస్తుంది, అక్కడ అన్నం పెడతారు, ఇవి అనకాపల్లిలో నువ్వే నాటుకోవాలి అన్నాను. సరే అంది. రేపు క్యాంపు రాలేదు. ఎల్లుండి వచ్చింది." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఎల్లుండికి ఆమె లేదు."

చిన్నమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పువ్వు పూసినప్పుడల్లా ఆమెతో చెప్పుకునేవాణ్ణి. చూసేవా, ఆ రోజు పెట్టకపోవడమే మంచిదైంది, లేకపోతే ఇది ఉండేదా అని. ఎవరితో చెప్తున్నాను? ఎవరున్నారు వినడానికి? నాలుగు రోజుల్నుంచి ఆ గోడ చూస్తున్నాను. బాధనుకున్నారు మీరు. బాధ కాదు. నాకు చెప్పుకోడానికి ఇంక ఏమీ మిగల్లేదు."

ఆయన తలెత్తి ఖమర్జహాన్ కేసి చూశాడు. చూపులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమె తట్టుకునేది.

"దుల్హన్, బాగా చూసేవా? ఒక్కటైనా మిగల్లేదా? గోడ వార, మట్టిలో, ఎక్కడైనా? ఆ పిల్ల అడుగుతోంది. పంపుదాం."

*

లేదు అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. ఇంత మాట విన్నాక మళ్ళీ ఎవరూ ఎప్పుడూ ఆ గిన్నెల ఊసు ఎత్తరు. బియ్యం డబ్బా వెనక ఉన్నది కొన్నాళ్ళు ఉంటుంది, లేదా పోతుంది. ఎవరికీ తెలియదు.

ఖమర్జహాన్ లోపలికి వెళ్ళింది. గోనె తీసింది. రెండు చేతులతో గిన్నె ఎత్తింది. మోకాలు కలుక్కుమంది. ఈసారి వంచలేదు.

నీలం చేపల గిన్నె గుమ్మంలోకి రాగానే ముందు మాట్లాడింది హిదాయతుల్లా.

"పగిలిపోయిందన్నావు!"

"అన్నాను."

"తెలీదన్నావు. నాలుగు రోజుల్నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇందాకా అడిగేను."

"తెలుసు," అంది ఆమె. "అన్నీ తెలుసు. నిద్రపోతున్నాయని తెలుసు. తెలిసే పారబోసేను. దీని దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. దాచేను. చెప్పడానికి సిగ్గేసింది."

"ఎందుకు ఖమర్? ఏం చేసేడు నిన్ను మా అన్నయ్య?"

"ఏం చెయ్యలేదు. ఎవరూ ఏం చెయ్యలేదు. నాకు కోపం లేదండీ ఎవరి మీదా. అలిసిపోయేను. నాలుగు వేసవులు నీళ్ళు మోసేను. ఒక్క పూట, ఒక్క పని లేకుండా ఉంటే చాలనిపించింది. అంతే. ఇంతకన్నా చెప్పుకోడానికి నా దగ్గరేం లేదు."

మదీనాబీ చీకట్లోకి చూస్తున్నట్టు తల తిప్పింది. "తౌబా, క్షమించు అల్లా," అంది మెల్లగా. ఎవరి కోసం అన్నదో తెలియలేదు. కోడలి కోసమో, కొడుకు కోసమో, కళ్ళున్న రోజుల్లో కూడా ఏదీ చూడని తన కోసమో.

ఖమర్జహాన్ గిన్నె బావగారి ముందు పెట్టింది.

వలి చాలాసేపు దానికేసి చూశాడు. నీళ్ళ మీద అర్ధణా బిళ్ళంత ఆకు. దాని మీద ఒక నీటి బొట్టు అటూ ఇటూ దొర్లి ఆగింది. ఆయన ముఖంలో ఏమి కదిలిందో ఆమెకు తెలియలేదు. తిడతాడనుకుంది. తిడితే హాయిగా ఉండేది.

"ముందే లేచింది," అన్నాడు. "ఎండలు రాకుండానే."

తరవాత చొక్కా చెయ్యి పైకి మడిచి, వేళ్ళు నీళ్ళలో ముంచాడు. ఆకు పక్కకి జరిగింది. అలవాటైన వేళ్ళు మట్టిలోకి దిగి, దుంప ఎక్కడుందో వెతుకుతున్నాయి.

"అరిటాకు ఉందిగా, అందులో చుట్టుకెళ్ళమ్మా," అన్నాడు చిన్నమ్మలుతో.

"వద్దు బాబూ!" చిన్నమ్మలు రెండడుగులు వెనక్కి వేసింది. "ఒక్కటంటే ఒక్కటుంది. ఇత్తనం. నేనట్టుకెళ్ళను. దానికింకోటేదో ఒండి పెడతాను."

"ఆ పిల్ల అడిగింది ఇదే కదా."

నీళ్ళు కలక బారాయి. నీలం చేపలు కనబడకుండా పోయాయి.

ఇరవై రెండేళ్ళలో ఖమర్జహాన్ బావగారికి టీ కప్పు కూడా చేతికి అందించలేదు. బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకునేది. ఆయన ఎదుట పమిట తల మీద నుంచి జారనివ్వలేదు. ఇప్పుడు ఆమె మోకాళ్ళ మీద కూలబడి, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుంది. పమిట జారిపోయింది. ఎత్తి కప్పుకోలేదు.

"ఖమర్!" అన్నాడు హిదాయతుల్లా.

ఆమె వినలేదు.

"వదులు దుల్హన్," అన్నాడు వలి. "ఆకలని అడిగిన మనిషికి పెట్టాలి. ఒకసారి పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు."

"అడిగిన మనిషికి పెట్టాలా?" అంది ఖమర్జహాన్. "నాలుగు రోజుల్నుంచి రోజుకి రెండుసార్లు మిమ్మల్ని నేను అడుగుతున్నాను. తినండి భాయిజాన్, తినండి భాయిజాన్ అని. నాకేం పెట్టేరు?"

ఆయన ఆమె కేసి చూశాడు. నోరు తెరిచాడు గాని, ఆకలి లేదు అన్న మాట ఈసారి రాలేదు.

చెయ్యి మట్టిలో నుంచి పైకి రాలేదు. ఆమె పట్టు సడలలేదు. మట్టిలో ఆయన వేళ్ళు దుంపను పట్టుకున్నాయో, ఇంకా వెతుకుతున్నాయో ఆమెకు తెలియడం లేదు.

వీధిలో పోతురాజు బండి ఆపి, "సిన్నమ్మలూ, పొద్దోతంది, వత్తావా రావా?" అని రెండోసారి కేక వేశాడు.